గుండ్రంగా కూర్చున్న తరగతిలో ఏం జరగాలి: చదువు, ప్రజాస్వామ్యం, ఆగని ఎదుగుదల

అడిగిన ప్రశ్న ఇది: చదువు ప్రజాస్వామ్యానికి పునాది అంటారు, మనిషి జీవితాంతం ఎదగడానికీ అదే ఆధారం అంటారు. పౌరశాస్త్రం పాఠాలు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నా ఫలితం ఎందుకు కనబడదు? ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, బడి దాటి చాలాకాలమైన పెద్దవాళ్లు చేయగలిగింది ఏమిటి?

ముందు ఒక భ్రమ వదిలించుకోవాలి. చదివిన ఏళ్లు పెరిగితే ప్రజాస్వామ్యం దానంతట అదే గట్టిపడుతుందని చాలామంది నమ్ముతారు. 1933 నాటి జర్మనీలో దాదాపు అందరికీ చదవడం రాయడం వచ్చు. అక్కడి విశ్వవిద్యాలయాలకు ప్రపంచమంతా పేరుంది. ఆ ఏడాది మార్చిలోనే ఆ దేశపు పార్లమెంటు చట్టాలు చేసే అధికారాన్ని హిట్లర్ ప్రభుత్వం చేతిలో పెట్టేసింది. పరిశోధకుల మధ్య కూడా ఈ విషయం తెగలేదు. చదువూ సంపదా ఉన్న దేశాల్లో ప్రజాస్వామ్యం నిలబడే అవకాశం ఎక్కువని అమెరికా సామాజిక శాస్త్రవేత్త సేమూర్ మార్టిన్ లిప్సెట్ 1959లో వాదించారు. ఒకే దేశంలో కాలం గడిచేకొద్దీ చదువు పెరిగితే ప్రజాస్వామ్యమూ పెరిగిందా అని 2005లో ఆర్థికవేత్తలు అసెమొగ్లు, జాన్సన్, రాబిన్సన్, యారెడ్ లెక్కగట్టి చూస్తే ఆ సంబంధం కనబడలేదు. దీన్నిబట్టి చదువు దండగ అనుకోకూడదు. ఎన్నేళ్లు చదివారన్న దానికంటే ఆ ఏళ్లలో రోజూ ఏం చేశారన్నది ముఖ్యం. పదేళ్లపాటు చేతులు కట్టుకుని వినడం, చెప్పింది రాయడం, అడిగితేనే మాట్లాడడం చేసిన పిల్లలకు ఆ పదేళ్లలో బాగా వంటబట్టేది అదే. పుస్తకంలో రాజ్యాంగం గురించి ఎంత మంచి పాఠం ఉన్నా, ఆ పాఠం చెప్పిన తీరు అంతకంటే గట్టిగా దిగుతుంది.

అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ 1896లో షికాగో విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల లాంటి బడి మొదలుపెట్టారు. పిల్లలు పని చేసుకోవడానికి వీలైన బల్లల కోసం ఆయన ఊరంతా తిరిగారట. చివరికి ఒక దుకాణదారు, మిగతావాళ్లకంటే తెలివైనవాడు, అసలు సంగతి చెప్పాడు: మీకు కావలసినవి పిల్లలు పని చేసుకునే బల్లలు, మా దగ్గరున్నవన్నీ కూర్చుని వినడానికి చేసినవి అని. శతాబ్దం దాటినా చాలా తరగతి గదుల్లో ఆ బల్లలే ఉన్నాయి. 1916 నాటికి డ్యూయీ తేల్చి చెప్పింది ఏమిటంటే, ప్రజాస్వామ్యం పరిపాలనా పద్ధతి మాత్రమే కాదు, కలిసి బతికే తీరు. చదువు ఎక్కడో ముగిసిపోయేది కాదు, ఒక ఎదుగుదల ఇంకో ఎదుగుదలకు దారి తీయాలి. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. తన అభిప్రాయం తప్పని తేలినప్పుడు దిద్దుకోగలిగిన మనిషే ఎదుగుతాడు. తన నిర్ణయాన్ని దిద్దుకోగలిగిన సమాజమే ప్రజాస్వామ్యంగా మిగులుతుంది. ఆ దిద్దుకోవడాన్ని చిన్నప్పటినుంచి చేతులతో చేయించాలి. కింద రాసిన పద్ధతులన్నీ దానికోసమే.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేదీ, అన్నిటికంటే తేలిగ్గా చెడిపోయేదీ తరగతి సమావేశం. వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే సమయం. ఏడెనిమిదేళ్ల పిల్లలకు 20 నిమిషాలు చాలు, పదేళ్లు దాటినవాళ్లకు 35 నుంచి 40. అందరి ముఖాలూ అందరికీ కనబడేలా గుండ్రంగా కూర్చోవాలి, ఉపాధ్యాయులూ అదే వరసలో, అదే ఎత్తులో. వారమంతా గోడ మీద ఒక కాగితం వేలాడుతుంది. చర్చించాలనుకున్న విషయాన్ని ఎవరైనా దాని మీద రాయొచ్చు, తమ పేరు పెట్టి రాయాలి. ఎదుటివాళ్ల పేరు మాత్రం రాయకూడదు. 'ఫలానావాడు బంతి లాక్కుంటాడు' అనే బదులు 'విరామంలో బంతి' అని రాయాలి. ఈ చిన్న నియమం లేకపోతే మూడో వారానికల్లా సమావేశం పంచాయితీగా మారి, కొందరు పిల్లలు ఆ రోజు బడికి రావడానికే భయపడతారు.

సమావేశం నడిపేవాళ్లు, రాసేవాళ్లు, సమయం చూసేవాళ్లు వంతులవారీగా మారాలి. ఎన్నిక పెట్టకండి. పెడితే బాగా మాట్లాడే నలుగురి మధ్యే తిరుగుతుంది, నడపడం నేర్చుకోవాల్సిన మిగతావాళ్లకు అవకాశమే రాదు. నడిపే పిల్లవాడి చేతిలో ఒక చిన్న అట్టముక్క మీద వరస రాసి ఇవ్వండి: పోయిన వారం నిర్ణయం ఎలా నడిచింది, ఈ వారం విషయాలు, ఒక్కోదానికి ఎంత సమయం, ఏం తేలింది, ఎవరు చేస్తారు, ఎప్పుడు మళ్లీ చూస్తాం.

మొదలుపెట్టే ముందు ఉపాధ్యాయులు ఒక పని తప్పక చేయాలి. అధికారం ఎక్కడివరకో నిజాయితీగా చెప్పాలి. బోర్డు మీద మూడు గడులు గీసి, మీరే తేల్చుకునేవి, మనం కలిసి తేల్చుకునేవి, నేను తేల్చేవి అని రాయండి. ఎక్కడ కూర్చోవాలి, గోడకు ఏం అంటించాలి, విరామంలో వస్తువులు ఎలా పంచుకోవాలి అనేవి మొదటి గడిలోకి వస్తాయి. ఇంటిపని ఏ రోజు ఇవ్వాలి, జట్లు ఎలా కట్టాలి అనేవి రెండో గడిలోకి. భద్రత, చట్టం, పరీక్ష తేదీలు మూడో గడిలోకి. మొదటి గడి చిన్నదైనా ఫరవాలేదు, కానీ అందులో రాసింది నిజంగా వాళ్ల చేతిలోనే ఉండాలి. ముందే నిర్ణయించేసి, పిల్లలచేత చేతులెత్తించి, తేడా వస్తే 'ఇంకోసారి ఆలోచించండి' అనడమంత చేటు ఇంకొకటి లేదు. పిల్లలు రెండో వారానికే పసిగడతారు. ఓటు అనేది పైవాళ్లు ఆడే నాటకమని ఆ వయసులో నాటుకుంటే తర్వాత పీకడం చాలా కష్టం. మొదటి గడిలో పెట్టడానికి ఏమీ లేకపోతే సమావేశమే పెట్టకండి, అది తక్కువ నష్టం.

ఓటు ఎప్పుడు పెట్టాలన్నది మరో చిక్కు. ఒక ఉదాహరణ తీసుకుందాం. 26 మంది ఉన్న తరగతి, ఒకటే బంతి. 'విరామంలో బంతి' అని కాగితం మీద ఉంది. ముందు పరిగెత్తినవాళ్లదే బంతి అన్నది ఒక వర్గం మాట, తమకు ఎప్పుడూ దొరకదన్నది రెండో వర్గం మాట. వెంటనే చేతులెత్తమంటే 15 మంది ఒకవైపు, 11 మంది ఒకవైపు. లెక్క ప్రకారం తేలిపోయింది, కానీ ఆ పదకొండుమందికి ఇప్పుడు బంతీ లేదు, మాట చెల్లుబాటూ లేదు. ఇక్కడ నడిపే పిల్లవాడికి నేర్పాల్సిన ప్రశ్న ఒకటుంది: 'ఈ నిర్ణయానికి మీరు సరే అనాలంటే ఇందులో ఏం మారాలి?' ఆ ప్రశ్న ఓడిపోతున్నవాళ్లను అడగాలి, గెలుస్తున్నవాళ్లు వింటుండగా అడగాలి. దాంతో సోమ, బుధ, శుక్రవారాలు ఒక జట్టుకు, మంగళ, గురువారాలు మిగతావాళ్లకు అని తేలిందనుకోండి. పుస్తకంలో ఇలా రాయాలి: ఏం తేలింది, ఎవరు బంతి తెచ్చి తిరిగి పెడతారు, రెండు వారాల తర్వాత ఏ తేదీన మళ్లీ చూస్తాం.

ఆ రెండు వారాల తర్వాతి సమావేశంలోనే అసలు చదువు జరుగుతుంది. మంగళవారం బంతి మూలన పడి ఉందని తెలుస్తుంది. రెండో వర్గానికి కావలసింది బంతి కాదు. బంతి తగలకుండా కూర్చోవడానికో, తాడాట ఆడుకోవడానికో కాస్త చోటు. మొదట్లో వాళ్లకే ఆ సంగతి స్పష్టంగా తెలియదు, అందుకే బంతి అడిగారు. ఇప్పుడు నిర్ణయం మారుతుంది: మైదానంలో సుద్దతో ఒక గీత, గీతకు ఇవతల బంతి రాకూడదు, బంతి అన్ని రోజులూ మొదటి జట్టుకే. తగాదా తీరడంతోపాటు పిల్లలకు ఇంకో మూడు సంగతులు తెలిశాయి. మనం అడిగేది, మనకు నిజంగా కావలసింది ఒకటే కాకపోవచ్చు. నిర్ణయం తప్పవచ్చు. తప్పిన నిర్ణయాన్ని ఎవరూ అవమానపడకుండా మార్చుకోవచ్చు. పోయిన వారం నిర్ణయం ఎలా నడిచిందో చూసే ఆ మొదటి అయిదు నిమిషాలనే సమయం లేదంటూ చాలామంది ఎగరగొడతారు. మిగతాది ఏది కుదించినా దాన్ని కుదించకండి.

పిల్లలకు శిక్షలు వేసే అధికారం ఇస్తే పెద్దవాళ్లకంటే కఠినంగా వేస్తారు, ఇది ముందే తెలిసి ఉండాలి. పోలండ్‌లోని వార్సాలో యానుష్ కోర్చాక్ అనే వైద్యుడు నడిపిన అనాథాశ్రమంలో పిల్లల న్యాయస్థానం ఉండేది. ఆ వారం తమ మీద ఏ ఫిర్యాదూ లేని పిల్లల్లోంచి చీటీలు తీసి అయిదుగురు న్యాయమూర్తులను ఎంచేవాళ్లు. కోర్చాక్ రాసిన నియమావళిలో మొదటి 99 నిబంధనలూ ఫిర్యాదు వదిలేయడానికో క్షమించడానికో ఉద్దేశించినవే. తప్పు చేశాడని న్యాయస్థానం పేర్కొనడం 100వ నిబంధనతో మొదలవుతుంది, ఆశ్రమం నుంచి పంపేయడం 1000వది. క్షమించడానికి అన్ని దారులు పెట్టి, శిక్షించడానికి కొన్నే ఉంచడం ఆయన పిల్లల మనసు ఎరిగి చేసిన పని. ఆర్నెల్లలో అయిదుసార్లు ఆయన తనమీద తానే ఫిర్యాదు పెట్టుకుని ఆ పిల్లల ముందు నిలబడ్డారు. చట్టం అందరికీ ఒకటే అని నూరు పాఠాలు చెప్పినా రాని నమ్మకం అలాంటి ఒక్క దృశ్యంతో వస్తుంది. మీ తరగతిలో న్యాయస్థానం పెట్టమని నేను సలహా ఇవ్వను. దానికి ఆ స్థాయి నిబద్ధత, రోజంతా కలిసి ఉండే జీవితం కావాలి. సమావేశంలో శిక్ష అనే మాటే లేకుండా 'ఏం బాగుచేయాలి, ఎవరు బాగుచేస్తారు' అన్న ప్రశ్నతో ఆపేయండి.

పిల్లలకు స్వేచ్ఛ ఇవ్వడమంటే పక్కకు తప్పుకోవడమే అనుకునేవాళ్లూ ఉన్నారు. 1930ల చివర్లో మనస్తత్వ శాస్త్రవేత్తలు కుర్ట్ లెవిన్, రోనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ పదేళ్ల వయసు మగపిల్లల క్లబ్బులతో చేసిన ప్రయోగాలు ఇక్కడ పనికొస్తాయి. నాయకుడు అన్నీ ఆజ్ఞాపించే క్లబ్బు, కలిసి నిర్ణయించే క్లబ్బు, ఏమీ పట్టించుకోకుండా వదిలేసిన క్లబ్బు అని మూడు రకాలు. ఆజ్ఞలతో నడిచినచోట నాయకుడు గదిలోంచి బయటికి వెళ్లగానే పని పడిపోయింది. కలిసి నిర్ణయించినచోట పెద్దగా తేడా లేకుండా సాగింది. వదిలేసినచోట పనీ సరిగా కాలేదు, పిల్లలకు తృప్తీ లేదు. కాబట్టి ఉపాధ్యాయుల పని తగ్గదు, దాని స్వభావం మారుతుంది.

రోజువారీ పాఠంలో మార్చాల్సింది మౌనం. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్సు తరగతుల టేపులు విని కొలిచారు. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు ఆగేది సగటున సుమారు ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, 'తెలియదు' అనడం తగ్గింది, మామూలుగా నోరు తెరవనివాళ్లు మాట్లాడారు, పిల్లలే ప్రశ్నలు వేయడం పెరిగింది. ఆగాల్సిన చోట్లు రెండు. ప్రశ్న వేశాక ఒకటి, పిల్లవాడు జవాబు చెప్పాక ఇంకొకటి. రెండోదాన్ని అందరూ మర్చిపోతారు. జవాబు రాగానే 'శభాష్' అంటే విషయం అక్కడితో మూతపడుతుంది. మిగతావాళ్లకు అర్థమయ్యేది ఏమిటంటే సరైన జవాబు వచ్చేసింది, ఇక ఆలోచించక్కర్లేదు అని. ఏమీ అనకుండా మూడు వరకు లెక్కపెట్టుకుంటే చెప్పినవాడే ఇంకో మాట కలుపుతాడు, లేదా పక్కనున్నవాడు 'నాకు అలా అనిపించడం లేదు' అంటాడు. మొదటి వారం ఈ మౌనం భరించలేనంత పొడుగ్గా అనిపిస్తుంది, అది మామూలే. పెద్ద తరగతి అయితే ముందు ఒక నిమిషం కాగితం మీద రాయించి, రెండు నిమిషాలు పక్కవాళ్లతో మాట్లాడించి, అప్పుడు అందరినీ అడగండి. భయస్థులకు చేతిలో రాసుకున్న కాగితం పెద్ద ఊతం.

వివాదం ఉన్న విషయాలు తరగతిలో ఎత్తొచ్చా? తప్పకుండా ఎత్తాలి, పద్ధతి ప్రకారం. 1976లో పశ్చిమ జర్మనీలో రాజకీయ విద్య గురించి వేర్వేరు పక్షాలకు చెందిన విద్యావేత్తలు బాయిటెల్స్‌బాఖ్ అనే చోట సమావేశమయ్యారు. ఆ చర్చల్లోంచి తేలిన మూడు నియమాలు ఇప్పటికీ నాకు తెలిసినవాటిలో అన్నిటికంటే పనికొచ్చేవి. ఉపాధ్యాయులు తమ అభిప్రాయాన్ని పిల్లలమీద రుద్దకూడదు. సమాజంలో, శాస్త్రంలో వివాదంగా ఉన్నది తరగతిలోనూ వివాదంగానే కనబడాలి. పిల్లలు తమ పరిస్థితిని, తమ ప్రయోజనాలను తామే విశ్లేషించుకోగలిగేలా చేయాలి. రెండో నియమాన్ని అతిగా సాగదీస్తే ప్రమాదం. ఆధారాలతో తేలిపోయిన సంగతికి కూడా 'రెండు వైపులూ' కల్పించడం నిష్పాక్షికత అనిపించుకోదు. పొగాకు ఊపిరితిత్తులకు హాని చేస్తుందా అన్నది చర్చనీయాంశం కాదు. దాని అమ్మకాన్ని ఎంతవరకు నియంత్రించాలన్నది చర్చనీయాంశం. పాఠం తయారుచేసుకునేటప్పుడే ఒక గీత గీసుకోండి: ఈవైపు వాస్తవాలు, ఆవైపు విలువలు, ఎంపికలు. చర్చ గీతకు ఆవైపే.

చర్చలో ఒక అభ్యాసం చాలా మేలు చేస్తుంది. ఎదుటివాళ్ల వాదన ముందు వాళ్లకు నచ్చేలా తిరిగి చెప్పాలి, వాళ్లు 'అవును, అదే నేనన్నది' అన్నాకే తన మాట మొదలుపెట్టాలి. చర్చ వేగం సగానికి పడిపోతుంది, పడిపోనివ్వండి.

వార్తల నిజానిజాల సంగతి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, శారా మెక్‌గ్రూ 2017లో ఒక పరిశోధన బయటపెట్టారు. 10 మంది చరిత్రకారులు, 10 మంది వృత్తిరీత్యా వార్తల నిజానిజాలు తనిఖీ చేసేవాళ్లు, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు కొన్ని వెబ్‌సైట్లను ఎలా అంచనా వేస్తారో చూశారు. చరిత్రకారులు, విద్యార్థులు ఆ పేజీలోనే ఉండి పైనుంచి కిందికి చదివారు, లోగో చూశారు, భాష చూశారు, చాలాసార్లు మోసపోయారు. తనిఖీ చేసేవాళ్లు కొద్దిసేపట్లోనే ఆ పేజీ వదిలి కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఈ సంస్థ ఎవరిది, దీని గురించి ఇతరులు ఏమంటున్నారు అని వెతికారు. తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చారు. అంటే జాగ్రత్తగా చదవడానికి ముందు, చదవదగిందో కాదో బయటినుంచి తెలుసుకోవాలి. 'వెబ్‌సైట్ చూడటానికి బాగుందా, చిరునామా ఉందా, అక్షరదోషాలు ఉన్నాయా' అని టిక్కులు పెట్టించే పట్టికలు వదిలేయండి. డబ్బు పెడితే అవన్నీ ఎవరికైనా సమకూరుతాయి.

దీన్ని పది నిమిషాల కసరత్తుగా వారానికి రెండుసార్లు చేయించవచ్చు. ఒక పోస్టో వార్తో చూపించండి. మొదట ప్రతివాళ్లూ అది నిజమని ఎంత శాతం నమ్ముతున్నారో రాసుకోవాలి. తర్వాత మూడు నిమిషాలు బయట వెతకాలి. మళ్లీ శాతం రాయాలి. చివరగా ఏ ఆధారం అంకెను మార్చిందో ఒక వాక్యం రాయాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఉదాహరణలన్నీ అబద్ధాలే తీసుకోవడం. నెల తిరిగేసరికి పిల్లలు అన్నిటికీ 'ఇది ఫేక్' అనేస్తారు. దేన్నీ నమ్మనివాడు గుడ్డిగా నమ్మేవాడంత తేలిగ్గానే లొంగిపోతాడు; ఎవరు చెప్పినా ఒకటే అనుకుంటే చివరికి గట్టిగా అరిచినవాళ్ల మాటే మిగులుతుంది. అందుకని తెచ్చే ఉదాహరణల్లో కనీసం సగం నిజమైనవి, వాటిలోనూ కొన్ని వినడానికి నమ్మశక్యం కానివి ఉండాలి. అంకెలున్న వార్త అయితే ఒకటే ప్రశ్న నేర్పండి: ఎంతలో ఎంత? 'ముప్పు రెట్టింపైంది' అన్నప్పుడు లక్షమందిలో ఒకరినుంచి ఇద్దరికి పెరిగినా రెట్టింపే, పదివేలమందినుంచి ఇరవైవేలకు పెరిగినా రెట్టింపే.

ఇక పెద్దవాళ్లు. బడిలో వచ్చిన అలవాటు వాడకపోతే తుప్పు పడుతుంది, రానివాళ్లకు ఇప్పుడైనా రావాలి. దీనికి మంచి నమూనాలే ఉన్నాయి. 1844లో డెన్మార్క్‌లోని రోడింగ్‌లో, ఆ దేశపు మతాచార్యుడు, కవి గ్రుండ్‌ట్విగ్ ఆలోచనల ప్రేరణతో, పల్లెల యువతకోసం తొలి 'ఫోక్ హైస్కూల్' (ప్రజల ఉన్నత పాఠశాల) తెరిచారు. ఆ బడుల్లో పరీక్షలు, పట్టాలు లేకపోవడం సంప్రదాయంగా నిలిచింది. 1902లో స్వీడన్‌లోని లుండ్‌లో ఆస్కార్ ఓల్సన్ అధ్యయన బృందాలు మొదలుపెట్టారు. కొద్దిమంది కలిసి పుస్తకాలు కొనుక్కుని, చదివి, చర్చించుకునేవాళ్లు. ఆ పుస్తకాలే తర్వాత గ్రంథాలయం అయ్యేవి. 1908లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్, లాంగ్టన్ పట్టణాల్లో కార్మికులకోసం చరిత్రకారుడు ఆర్.హెచ్. టోనీ నడిపిన తరగతుల కొలతలు చూడండి: 30 మందికి మించకూడదు, ఏడాదికి 24 సమావేశాలు, ఒక్కోటి రెండు గంటలు, అందులో గంట ఉపన్యాసమైతే గంట చర్చ, పదిహేను రోజులకో వ్యాసం, ఇలా మూడేళ్లు. రోజంతా గనుల్లో, మిల్లుల్లో పనిచేసి వచ్చిన మనుషులు రాత్రి కూర్చుని ఆ వ్యాసాలు రాసేవాళ్లు. పెద్దవాళ్లకు తేలిక చదువే పెట్టాలనే అభిప్రాయం ఎంత తప్పో చెప్పడానికి ఇది చాలు.

అన్నిటికంటే దగ్గరగా చూడాల్సింది 1957 జనవరిలో అమెరికాలోని సౌత్ కరోలినాలో, జాన్స్ ఐలాండ్‌లో మొదలైన పౌరసత్వ పాఠశాల. అక్కడ ఓటరుగా నమోదు కావాలంటే రాజ్యాంగంలోని భాగం చదివి చూపించాలి. నల్లజాతివాళ్లను ఓటుకు దూరంగా ఉంచడానికి ఆ పరీక్ష ఆయుధమైంది. ఆ దీవికి చెందిన ఈసా జెంకిన్స్, ఉపాధ్యాయురాలు సెప్టిమా క్లార్క్, హైలాండర్ ఫోక్ స్కూల్ అనే వయోజన విద్యా కేంద్రం కలిసి ఒక సహకార దుకాణం వెనక గదిలో తరగతి పెట్టారు. ముందు దుకాణం ఉంటే వెనక ఏం జరుగుతుందో బయటికి తెలియదు. చదువు చెప్పడానికి కావాలనే శిక్షణ పొందిన ఉపాధ్యాయులను పెట్టలేదు. బెర్నీస్ రాబిన్సన్ అనే బ్యూటీషియన్‌ను ఎంచుకున్నారు, ఆమె అయితే పెద్దవాళ్లను చిన్నపిల్లల్లా చూడదని. ఆమె తెచ్చుకున్న చిన్నపిల్లల వాచకాలు మొదటిరోజే పక్కన పెట్టేసి, మీకు ఏం నేర్చుకోవాలని ఉందని అడిగారు. తమ పేరు రాయడం, బైబిల్ చదవడం, మనియార్డరు ఫారం నింపడం అన్నారు. అక్కడినుంచే మొదలుపెట్టారు. 1961లో ఈ కార్యక్రమాన్ని మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వంలోని సంస్థ చేపట్టి దక్షిణాది రాష్ట్రాలంతటా నడిపింది. నాకు ఇందులో ఎంతో విలువైనదిగా తోచేది ఆ మొదటిరోజు ప్రశ్న. నేర్చుకునేవాళ్లకు కావలసినదాన్నుంచి మొదలుపెట్టినా తరగతి అక్కడే ఆగిపోలేదు. మనియార్డరు ఫారం నింపిన చేతులతోనే ఓటరు నమోదు కాగితం నింపించారు.

ఇలాంటి బృందం మీరు పెట్టాలనుకుంటే 8 నుంచి 12 మంది చాలు. అయిదుగురికి తగ్గితే ఒకరిద్దరు రానప్పుడు కూలిపోతుంది, పదిహేను దాటితే సగంమంది శ్రోతలైపోతారు. వారానికి గంటన్నర, ఎనిమిది వారాలు అని ముందే ముగింపు తేదీ చెప్పండి. ఎప్పటికీ సాగేదంటే జనం జంకుతారు. అంశం ఒకటే ఉండాలి, అందరి జీవితాన్నీ తాకేదై ఉండాలి: నీళ్లు, రవాణా, స్థానిక పాలక సంస్థ బడ్జెట్ లాంటిది. వారానికి 10, 15 పేజీలకు మించి చదవమనకండి. చదవకుండా వచ్చేవాళ్లు ఉంటారు కాబట్టి మొదటి పది నిమిషాలు ముఖ్యమైన ఒక పేజీ అక్కడే మౌనంగా చదవండి. దీనివల్ల చదవనివాళ్లు సిగ్గుపడి మానేయడం తగ్గుతుంది. నడిపేవాళ్లు విషయ నిపుణులు కానక్కర్లేదు. కాకపోవడమే ఒకందుకు మంచిది. నిపుణులున్న చోట మిగతావాళ్లు ప్రశ్నలడిగి ఊరుకుంటారు. నిపుణులను పిలవాలంటే అయిదో వారంలో పిలవండి, అప్పటికి బృందానికి తనవైన ప్రశ్నలు ఉంటాయి.

ఒకరే మాట్లాడుతూ పోతుంటే ఆ మనిషిని అవమానించకుండా, 'ఇప్పటివరకు మాట్లాడనివాళ్ల మాట విని మళ్లీ మీ దగ్గరికి వస్తాను' అనండి, నిజంగా తిరిగి రండి. మూడు నాలుగు వారాల మధ్య కొందరు జారిపోతారు. రెండుసార్లు రానివాళ్లను ఎవరో ఒకరు స్వయంగా పలకరించాలి, గ్రూపులో పెట్టిన సందేశం సరిపోదు. చివరి రెండు వారాల్లో బృందం ఒక్క పేజీ రాయాలి: ఏం తెలుసుకున్నాం, ఏ విషయంలో ఏకాభిప్రాయం వచ్చింది, ఏ విషయంలో రాలేదు, ఎందుకు రాలేదు, ఎవరిని ఏం అడుగుతున్నాం. ఏకాభిప్రాయం రానిదాన్ని కప్పెట్టకండి, ఆ భాగమే చదివేవాళ్లకు నమ్మకం కలిగిస్తుంది. ఆ పేజీ సంబంధిత కార్యాలయానికి వెళ్లాలి, జవాబు వచ్చినా రాకపోయినా నెల తర్వాత బృందం ఒకసారి కలవాలి.

ఒంటరిగా నేర్చుకునేవాళ్లకు ఒక మాట. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లోనే చూపించారు, నేర్చుకున్నది మొదటి గంటల్లో, రోజుల్లో వేగంగా జారిపోతుందని. అందుకని చదివింది మర్నాడు, వారానికి, నెలకు ఒకసారి పుస్తకం మూసి గుర్తు చేసుకుని రాయండి. దానితోపాటు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని మూడు గడులు గీయండి: ఇంతకుముందు ఏమనుకున్నాను, ఇప్పుడు ఏమనుకుంటున్నాను, ఏ ఆధారంతో మారాను. నెలకు ఒక్క వరసైనా పడాలి.

ఇదంతా పనిచేస్తోందో లేదో మార్కుల్లో తెలియదు, లెక్కపెట్టగలిగినవి కొన్ని ఉన్నాయి. నెలకొకసారి ఒక పాఠాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, 40 నిమిషాల్లో ఉపాధ్యాయుల గొంతు ఎన్ని నిమిషాలు వినబడిందో, ఎంతమంది వేర్వేరు పిల్లలు మాట్లాడారో, పిల్లలు ఒకరికొకరు ఎన్నిసార్లు జవాబిచ్చుకున్నారో రాయండి. మొదట మీ గొంతు 35 నిమిషాలు ఉంటే కంగారుపడకండి. మూడు నెలల్లో 25కి దిగితే బాగా సాగుతున్నట్టే. గోడమీది కాగితంలో ఉపాధ్యాయులు రాసినవెన్ని, పిల్లలు రాసినవెన్ని చూడండి. సమావేశం పుస్తకం తిరగేసి, తీసుకున్న నిర్ణయాల్లో మళ్లీ చూసి మార్చినవి ఎన్నో లెక్కపెట్టండి. ఒక్కటీ మార్చలేదంటే అన్నీ సరిగ్గా ఉన్నాయని అనుకోకండి. ఎవరూ వెనక్కి తిరిగి చూడడం లేదని అర్థం, వచ్చే వారం ఆ మొదటి అయిదు నిమిషాలతో మళ్లీ మొదలుపెట్టండి.